పిలవకముందే వచ్చిన ఫైరింజను

ఆ ఉదయం జరగవలసిన పనులన్నీ స్టేషను ఆఫీసరు ముందురోజే ఒక కాగితం మీద రాసి గోడకు అంటించాడు. పది గంటలకు డైరెక్టరుగారు వస్తారు, రిబ్బను కత్తిరిస్తారు, కొత్త ఫైరింజను వాడకంలోకి వస్తుంది. పాతది సాయంత్రానికల్లా తుక్కు కింద వెళ్ళిపోతుంది. డ్రైవరు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. రెండోసారి చదివింది కేవలం సంతోషం కొద్దీ.

ఇరవై రెండేళ్ళుగా ఆ పాత ఇంజనును నడిపినవాడు దాన్ని వదులుకోవడానికి కుమిలిపోతుంటాడని స్టేషనులో అందరూ అనుకున్నారు. టెలిఫోను ఆపరేటరయితే నాలుగు రోజులుగా, చావు కబురు విన్న మనిషిని ఓదార్చినట్టు అతన్ని ఓదారుస్తున్నాడు. డ్రైవరుకున్న బాధల్లా ఎడమ మోకాలిలో ఉంది. పాతదాని క్లచ్చి తొక్కాలంటే మనిషి సీట్లోంచి సగం లేవాలి. మలుపు తిప్పితే భుజాలు పట్టేస్తాయి. వానాకాలంలో నీళ్ళు ట్యాంకులో కన్నా డ్రైవరు కాళ్ళ దగ్గరే ఎక్కువ ఉంటాయి. కొత్తదానికి క్లచ్చే లేదు. స్టీరింగు చూపుడువేలితో తిరుగుతుంది. క్యాబిన్లో ఏసీ కూడా ఉంది. రిటైరవడానికి ఇంకా మూడేళ్ళుంది కనక, ఆ మూడేళ్ళూ ఆ చల్లటి సీట్లో కూర్చుని గడిపేస్తే చాలునని అతని కోరిక. కొత్త బండి అతనికే అప్పగిస్తానని ఆఫీసరు మాట కూడా ఇచ్చాడు.

తొమ్మిది దాటాక ఆఫీసరు అతన్ని పక్కకు పిలిచాడు. షెడ్డులో కొత్తది నిలబెట్టారు, ఆవరణలో కుర్చీలు వేశారు, ముసల్ది మాత్రం గేటు పక్కన నూనె కారుస్తూ నిలబడి ఉంది. డైరెక్టరుగారు దాన్ని చూస్తే, ఇన్నాళ్ళూ దీంతోనే మంటలార్పారా అని అడుగుతారు. అడిగితే జవాబు చెప్పాలి. ఆఫీసరుకు జవాబులు చెప్పడం మొదటినుంచీ ఇష్టం లేని పని.

"ఓ రెండు గంటలు దాన్ని ఎవరి కంటా పడకుండా ఎక్కడైనా పెట్టి రావయ్యా," అన్నాడు. "ఎక్కడ పెట్టావో నాక్కూడా చెప్పకు. అడిగితే నిజంగానే తెలీదంటాను. ఎవరికీ ఏమీ చెప్పకు."

డ్రైవరు ఆలోచించాడు. పెద్ద రోడ్డు మీద పెడితే డైరెక్టరుగారి కారు అటే వస్తుంది. మైదానంలో పెడదామంటే ఆటల పోటీలు జరుగుతున్నాయి. తన ఇల్లయితే పది నిమిషాల దూరం. అటు చివర గోడ ఉన్న సందు. లోపల ఏముందో రోడ్డు మీదికి కనబడదు. పైగా సభలో వేసుకోవలసిన యూనిఫాం చొక్కా ఇంట్లో నలిగి పడి ఉంది. స్వామికార్యం, స్వకార్యం రెండూ తీరతాయని బయల్దేరాడు. తిరిగి వచ్చేటప్పుడు సులువుగా ఉంటుందని బండిని వెనక్కి నడిపించుకుంటూ సందులో దూర్చి, మూతి రోడ్డువైపు ఉండేలా తన గుమ్మం ముందు ఆపాడు. అప్పుడు సమయం తొమ్మిది ముప్ఫయ్యైదు. ఈ సంగతి మనకు ఇంత కచ్చితంగా తెలియడానికి కారణం ఎదురింటి లెక్కల మాష్టారు. ఆయన రిటైరయి ఆరేళ్ళయింది. అప్పటినుంచి సందులోకి నీళ్ళెప్పుడొచ్చాయి, కరెంటెప్పుడు పోయింది, ఎవరింటి కుక్క ఎంతసేపు మొరిగింది అన్నీ నోటుపుస్తకంలో నిమిషాలతో సహా రాసుకుంటున్నాడు.

డ్రైవరు భార్య బడిలో పాఠాలు చెబుతుంది. అప్పటికే వెళ్ళిపోయింది. ఇంట్లో అత్తగారొక్కతే ఉంది. ఆవిడ వరండాలోంచి ఇంజనును చూసి, మంటలెక్కడని అడిగింది. ఎక్కడా లేవని డ్రైవరు చెప్పాడు.

"ఎక్కడా లేకపోతే ఇదెందుకొచ్చింది బాబూ?"

"ఊరికే పెట్టానత్తయ్యగారూ. రెండు గంటలాగి తీసుకుపోతాను."

"ఊరికే ఎందుకు పెడతారు?"

"అది చెప్పకూడదండీ," అని అతను లోపలికి వెళ్ళి ఇస్త్రీపెట్టె వేడికి పెట్టాడు.

అత్తగారు కూర్చుని ఆలోచించింది. ఇరవయ్యయిదేళ్ళలో అల్లుడు ఆవిడతో ఒక్క అబద్ధం ఆడలేదు. మంచితనం ఒక కారణమైతే, చేతకాకపోవడం ఇంకో కారణం. అలాంటి మనిషి మొహం తిప్పుకుని మాట్లాడాడంటే వ్యవహారం చిన్నది కాదు. పెద్దదాన్ని, గుండె ఆగిపోతుందేమోనని దాస్తున్నాడు. ఆవిడ లేచి, బీరువాలోంచి ఇంటి కాగితాలున్న రేకుపెట్టె తీసుకుని వీధిలోకి వచ్చింది. మా అల్లుడు పైకి చెప్పడం లేదు గానీ ఏదో ఉందని మాష్టారితో అంది.

మాష్టారు కిటికీ దగ్గరికి వచ్చి, గ్యాసు ఏమైనా లీకవుతోందా అని నెమ్మదిగా అడిగాడు. డ్రైవరు చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తూనే, "ఏం లేదు మాష్టారూ. మీరు కంగారు పడకండి," అన్నాడు.

పొరపాటంతా ఆ రెండో మాటలో ఉంది. మండుతున్న ఇళ్ళ ముందు నిలబడి ఇరవై రెండేళ్ళుగా జనానికి చెబుతూ వచ్చిన మాట అది. చెప్పీ చెప్పీ ఆ మాట మామూలు గొంతుతో రావడం ఎప్పుడో మానేసింది. మాష్టారు ఆ గొంతు విన్నాడు. విని, ఇంటికి వెళ్ళి ముందుగా టీవీ బయట పెట్టాడు.

మిగతా సందుకు అంతకన్నా రుజువు అక్కర్లేకపోయింది. పావుగంటలో పరుపులు, మంచాలు, కుట్టుమిషను, ఒక నిలువుటద్దం వీధిలోకి వచ్చాయి. చప్పుడు విని డ్రైవరు బనీనుతోనే పరుగెత్తుకొచ్చాడు. మంటా లేదు, గింటా లేదు, సామాన్లు లోపల పెట్టుకోమని ఒక్కొక్కరినీ బతిమాలాడు. మరి ఇంజనెందుకు వచ్చిందని ప్రతివాళ్ళూ అడిగారు. ఆ ఒక్కటీ చెప్పకూడదు. అతను నీళ్ళు నమిలిన ప్రతిసారీ ఇంకో పరుపు బయటికి వచ్చింది. ఈలోగా లోపల ఇస్త్రీపెట్టె చొక్కా వీపు మీదే కూర్చుని తన పని తాను చేసుకుపోయింది. నిప్పు లేనిదే పొగ రాదని సందంతా అప్పటికే నమ్మి ఉంది కనక, కిటికీలోంచి పొగ వచ్చేసరికి ఎవరూ ఆశ్చర్యపోలేదు.

డ్రైవరు లోపలికి పరుగెత్తాడు. మాష్టారు ఫోను దగ్గరికి నడిచాడు. ఆయన కంగారులో కూడా కచ్చితంగా మాట్లాడే మనిషి.

"మా సందులో ఇల్లు అంటుకుంది. ఫైరింజను వచ్చి ముప్ఫయ్యేడు నిమిషాలయింది. ఇంతవరకూ ఒక్క చుక్క నీళ్ళు కొట్టలేదు. దాని తాలూకు మనిషి ఒంటి మీద చొక్కా లేకుండా తిరుగుతున్నాడు."

ఆపరేటరు రిజిస్టరులో పది గంటల పన్నెండు నిమిషాలని వేశాడు. విన్నదాన్నిబట్టి అతను ఒక నిర్ణయానికి వచ్చాడు. పక్క స్టేషను ఇంజను ఎవరో పిలిస్తే ముందే వెళ్ళింది, మంటలు దాని వల్ల కాలేదు, పాపం అందులో ఒకడి చొక్కా కాలిపోయింది. ఆవరణలోకి పరుగెత్తి ఇదే మాట ఆఫీసరు చెవిలో వేశాడు.

డైరెక్టరుగారి చేతిలో అప్పటికే కత్తెర ఉంది. ఆఫీసరుకు ఇది కోరి వచ్చిన అదృష్టంలా తోచింది. అధికారి కళ్ళముందే కొత్త ఇంజను మొదటి పిలుపుకు బయల్దేరడం రోజూ జరిగే ముచ్చట కాదు. మంట ముందు, రిబ్బను తర్వాత అని డైరెక్టరుగారు కూడా నిండుగా సెలవిచ్చారు. డ్రైవరు ఇంకా రాలేదు కనక, బండిని అప్పగించడానికి వచ్చిన కంపెనీ మనిషే స్టీరింగు పట్టుకున్నాడు. అతనికి బండి బాగా తెలుసు, ఊరు తెలియదు. రిబ్బను మూతికి చుట్టుకుని ఉండగానే ఇంజను గేటు దాటింది. వెనకే డైరెక్టరుగారి కారు.

ఆ సందు పేరు ఆఫీసరు విన్నదే గానీ, డ్రైవరు ఇల్లు అందులోనే ఉందని అతనికి తెలియదు. పాతదానికన్నా మూరెడు వెడల్పున్న కొత్త ఇంజను సైరను వేసుకుంటూ సందులో నాలుగిళ్ళు దాటింది. అయిదో ఇంటి దగ్గర ఎడమవైపు ఒక బాల్కనీ, కుడివైపు ఒక కరెంటు స్తంభం దాన్ని అడకత్తెరలో పోకచెక్కలా పట్టేశాయి. ఇటు తలుపు గోడకు తగిలింది. అటు తలుపు స్తంభానికి తగిలింది. దిగడానికి దారి లేక ఆఫీసరు ఎదురుగా చూశాడు. పది బారల దూరంలో, ఇటు మూతి పెట్టుకుని, పాత ఇంజను నిలబడి ఉంది. దాని పక్కన బనీనుతో డ్రైవరు, ఒక చేతిలో మగ్గు, ఇంకో చేతిలో వీపున ఇస్త్రీపెట్టె ఆకారంలో కన్నమున్న యూనిఫాం చొక్కా. మంట ఆ మగ్గు నీళ్ళతోనే ఆరిపోయింది.

ఇద్దరూ అద్దంలోంచి కాసేపు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. ఆఫీసరు పెదాలు కదిలాయి. లోపల ఏసీ కోసం అద్దాలు బిగించి ఉండటం వల్ల ఏమన్నాడో డ్రైవరుకు వినబడలేదు. అది ఒకరకంగా మంచిదే అయింది.

వెనక్కి పోదామంటే కొత్త బండి ఒప్పుకోలేదు. చుట్టూ ఏదో తగులుతోందని దానికి తెలిసిపోయింది. "దయచేసి చుట్టూ ఖాళీ ఉంచండి" అని లోపలినుంచి ఒక ఆడగొంతు పది సెకన్లకోసారి మర్యాదగా చెబుతూనే ఉంది. దాన్ని మాన్పించాలంటే లాప్‌టాప్ కావాలని, అది స్టేషనులో ఉందని కంపెనీ మనిషి చెప్పాడు. గేరు న్యూట్రల్లో పెట్టడం మాత్రం తన చేతిలో పని అన్నాడు.

ఇక మిగిలిన దారి ఒక్కటే. డైరెక్టరుగారి కారును సందు బయటికి పంపించి, వీధిలో పడి ఉన్న పరుపుల్లో రెంటిని డ్రైవరు కొత్తదాని మూతికి ఆనించి కట్టాడు. తర్వాత పాతదాన్ని ఎక్కి, సీట్లోంచి సగం లేచి క్లచ్చి తొక్కి, అంగుళం అంగుళంగా ముందుకు తోశాడు. కొత్తనీరు వచ్చి పాతనీటిని కొట్టేస్తుందని సామెత. ఆ సందులో పాతదే కొత్తదాన్ని పెద్ద రోడ్డు దాకా నెట్టుకుపోయింది. బాల్కనీ అంచు కొంచెం రాలింది. కొత్తదాని పక్క అద్దాలు రెండూ పోయాయి. సందు జనం పరుపులు తిరిగి తీసుకుంటూ, ఇంతసేపూ ఇదెందుకొచ్చిందో ఇప్పుడు తెలిసిందని తృప్తిపడ్డారు.

డైరెక్టరుగారు రోడ్డు పక్కన నిలబడి అంతా చూశారు. పాత బండి ఇక్కడికి ఎప్పుడొచ్చిందని ఆఫీసరును అడిగారు. తెలీదు సార్, అన్నాడు ఆఫీసరు. మాష్టారు ముందుకు వచ్చి నోటుపుస్తకం తెరిచి చూపించాడు. పిలుపు ఎప్పుడు వచ్చిందని డైరెక్టరుగారు ఆపరేటరుకు ఫోను చేసి కనుక్కున్నారు. తన చేతి గడియారం కూడా ఒకసారి చూసుకున్నారు. జరిగిందంతా రాతపూర్వకంగా పంపమని చెప్పి కారెక్కారు.

డ్రైవరుకు ఆ రాత్రి అన్నం సహించలేదు. పొద్దున్నే, దాచడం నుంచి ఇస్త్రీ దాకా ఉన్నదున్నట్టు నాలుగు పేజీలు రాసి ఆఫీసరు ముందు పెట్టాడు. ఆఫీసరు చివరిదాకా చదివి దాన్ని మడతపెట్టి సొరుగులో వేశాడు.

"ఇది పంపితే ముందు నువ్వు పోతావు, నీ వెనకే నేను," అన్నాడు. "ఫారంలో ఉన్న గళ్ళు నింపుదాం. అడగని దానికి జవాబెందుకు?"

గళ్ళు నింపారు. పిలుపు అందిన సమయం, పది పన్నెండు. మొదటి ఇంజను చేరిన సమయం, తొమ్మిది ముప్ఫయ్యైదు. నష్టం, చొక్కా ఒకటి. వాడిన నీరు, మగ్గుడు. అందులో ఒక్క అబద్ధం లేదు. అదే డ్రైవరును ఎక్కువ భయపెట్టింది. ఉద్యోగం పోతుందా, లేక కొత్త బండి లాక్కోవడంతో సరిపెడతారా అని మూడు వారాలు లెక్కలు వేసుకున్నాడు. రోడ్డు మీద తపాలా మనిషి కనబడితే చాలు, షెడ్డులోకి వెళ్ళి ఇంజను కింద దూరేవాడు.

నాలుగో వారంలో కవరు వచ్చింది. ఆఫీసరు నిలబడి చదవడం మొదలుపెట్టి, సగంలో కూర్చున్నాడు. పెద్దాఫీసులో ఫారాలు చదివేవాళ్ళు అంకెలే చదివారు. పిలుపుకు ముప్ఫయ్యేడు నిమిషాల ముందే చేరి, మగ్గు నీళ్ళతో మంటలార్పి, ఇల్లు ఇల్లంతా కాపాడిన స్టేషను శాఖ చరిత్రలో ఇంకొకటి లేదు. డైరెక్టరుగారు కిందనే సంతకం పెట్టారు. తన ఎదుట జరిగిన దానికి తనూ జవాబు చెప్పవలసి వస్తుందని ఆయనకు మాత్రం తెలియదా. పాత ఇంజనును తుక్కు కింద పంపే ఉత్తర్వు రద్దయింది. ఇంకో మూడేళ్ళు అది వాడకంలో ఉంటుంది. దానంత పని చేయలేకపోయిన కొత్త ఇంజను, వెడల్పు రోడ్లున్న వేరే స్టేషనుకు వెళుతుంది. పాతదానితో ఇంత పని చేయించిన డ్రైవరును, రిటైరయ్యేదాకా, దాని మీదనుంచి ఎట్టి పరిస్థితుల్లోనూ మార్చకూడదు. అతనికి ఒక ప్రశంసాపత్రం కూడా కవరులో ఉంది.

"సార్, కొత్త బండి నాకిస్తానన్నారు," అన్నాడు డ్రైవరు.

"ఇప్పుడైనా నిజం రాయమంటావా? నీ నాలుగు పేజీలూ సొరుగులోనే ఉన్నాయి."

డ్రైవరు గుమ్మం వైపు తిరిగాడు. గుమ్మం బయట కొత్త ఇంజను, విరిగిన అద్దాల చోట కొత్తవి బిగించుకుని, చల్లగా బయల్దేరి వెళ్ళిపోయింది. అతను ప్రశంసాపత్రం తీసుకుని ఇంటికి వెళ్ళి అత్తగారికి చూపించాడు. ఏదో ఉందని నేనప్పుడే చెప్పలేదా అని ఆవిడ సందంతా తిరిగి చెప్పి వచ్చింది. మాష్టారు కళ్ళజోడు పెట్టుకుని పత్రమంతా సరిచూశాడు.

డ్రైవరు పేరు తప్పు పడింది గానీ, ఇంజను నంబరు మాత్రం సరిగ్గానే ఉంది.