రాతి తొట్టికి బిరడా

నాగరికత అంటే ఏమిటని ఎవరైనా అడిగితే తడుముకోకుండా చెబుతాను: తొట్టి అడుగున కన్నం ఉన్నప్పుడు, దాన్ని మూసేముందు అనుమతి అడగడం. కన్నం కనపడగానే గుడ్డపీలిక కుక్కేసేవాడు అనాగరికుడు. దరఖాస్తు పెట్టుకుని, నీళ్లు కారిపోతుంటే చేతులు కట్టుకుని చూడగలిగినవాడు ఇంగ్లీషువాడు.

నా పేరు లియోనెల్ గాడ్సాల్. తూనికలు కొలతల శాఖలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ప్రస్తుతం వేల్స్ సరిహద్దుకి ఇవతల, వెస్టన్ డింగిల్ అనే మా ఊళ్లో చర్చి పెద్దని. (పెద్ద అంటే పెత్తనమేదో ఉందనుకునేరు. పైకప్పు కారితే కింద బకెట్టు పెట్టేవాణ్ణి. ఆ బకెట్టుకి అనుమతి ఉంది, 1991 నాటిది. రెండో చోట కారడం మొదలైంది గానీ, బకెట్టును జరపడానికి వేరే అనుమతి కావాలి.)

మా చర్చిలో పిల్లలకు బాప్తిస్మం ఇచ్చే రాతి తొట్టి ఒకటుంది. తొమ్మిది వందల ఏళ్ల నాటిది, ఒకే ఎర్ర ఇసుకరాయిని తొలిచి చేసింది. దాని చుట్టూ ఇద్దరు యోధులు ఒకరి కాలు ఒకరు తొక్కుతూ కొట్టుకుంటుంటారు. ఒక పాము తన తోక తానే మింగుతుంటుంది. జన్మలో సింహాన్ని చూడని శిల్పి చెక్కిన సింహం ఉంది, మా ఊరి గొర్రెకి కోరలొస్తే అచ్చం అలాగే ఉంటుంది. ముక్కు విరిగిన గడ్డపాయన ఏ పరిశుద్ధుడో ఎవరికీ తెలియదు. బిషప్పుగారి ఆఫీసు రికార్డులో ఆయన పేరుకెదురుగా 'గుర్తింపు పెండింగ్' అని ఉంది.

మంత్రగత్తెలు పవిత్ర జలం ఎత్తుకుపోతారని పూర్వం దీని మూతకి తాళం వేసేవారు. పదిహేడో శతాబ్దపు అంతర్యుద్ధంలో సైనికులు ఇందులో గుర్రాలకు నీళ్లు తాగించారు. ఆ తరువాత ఒక రైతు దీన్ని దొడ్లో పెట్టుకుని డెబ్బై ఏళ్లపాటు పందులకు కుడితి పోశాడు. ఇవన్నీ సక్రమమైన వినియోగాలే. అప్పటికింకా ఆఫీసు పుట్టలేదు.

తొట్టి అడుగున ఒక కన్నం ఉంది. బాప్తిస్మం అయ్యాక ఆ నీళ్లు మురుగులో కలవకూడదు కాబట్టి, కన్నంలోంచి నేరుగా నేలలోకి ఇంకేలా చేశారు పూర్వీకులు. కన్నానికి రబ్బరు బిరడా ఉండేది. పోయిన ఫిబ్రవరిలో అది ముక్కలైంది. ఏప్రిల్‌లో బాప్తిస్మం పెట్టుకున్నాం.

బాప్తిస్మం ఎవరికంటే, డోర్కస్ ప్రోబర్ట్ ముని మనవరాలు టామ్సిన్‌కి. డోర్కసమ్మకి తొంభై ఆరేళ్లు. వాళ్ల వంశంలో పుట్టిన ప్రతి బిడ్డ నెత్తిన ఆ తొట్టి నీళ్లే పడ్డాయి, రిజిస్టరులో రెండు వందల అరవై ఏళ్ల దాకా లెక్క దొరుకుతుంది. ఆమెకు గుండె జబ్బు. డాక్టరు మందులు రాయడం మానేసి, మంచి మాటలు చెప్పడం మొదలుపెట్టాడు.

"నాకింకేం కోరికల్లేవురా లియోనెల్," అంది నాతో. "ఆ పిల్ల నెత్తిన ఆ తొట్లో నీళ్లు పడటం ఈ కళ్లతో చూడాలి. అదొక్కటి అయిపోతే నా దారిన నే పోతా."

"ఎంతసేపమ్మా, బిరడాయేగా," అన్నాను. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

బజార్లో అలాంటి బిరడాలు బుట్టలో పోసి అమ్ముతారు. కానీ తొట్టి పురాతనం, చర్చి అంతకంటే పురాతనం. కాబట్టి బిషప్పుగారి కార్యాలయానికి అనుబంధంగా ఉన్న 'ప్రాచీన శిలాపాత్రల జలనిలుపుదల సలహా ఉపసంఘం' వారికి పద్దెనిమిది పేజీల దరఖాస్తు పెట్టాలి. పెట్టాను. అందులో తొమ్మిదో ప్రశ్న ఇది: 'ప్రస్తుత బిరడా ఏ సంవత్సరంలో, ఎవరి అనుమతితో ప్రవేశపెట్టబడినది?'

తెలియదు అని రాస్తే సరిపోయేది. కానీ ముప్పై ఒక్క ఏళ్లు జనం దొంగ తక్కెళ్లు పట్టుకున్న చేయి అబద్ధం రాయదు. '1974లో, డోర్కస్ ప్రోబర్ట్ భర్త కీర్తిశేషులు సిడ్నీ, తన ఇంటి స్నానాల తొట్టి నుంచి పీకి తెచ్చి పెట్టెను. అనుమతి లేదు' అని రాశాను.

ఆరు వారాలకు ఉపసంఘం కార్యదర్శి ఆల్డస్ క్రంప్టన్‌గారి జవాబు వచ్చింది. అర్ధ శతాబ్దంగా సదరు తొట్టిలో నీరు అనధికారికంగా నిలిచినట్టు తమ దృష్టికి వచ్చిందనీ, విచారణ ముగిసేవరకు అందులో నీరు పోయరాదనీ, ఈ విషయం నిజాయితీగా తెలియజేసినందుకు కృతజ్ఞతలనీ రాశారు.

డోర్కసమ్మకి ఉత్తరం చదివి వినిపించాను.

"సిడ్నీ పోయి ఇరవై రెండేళ్లయింది. ఇప్పుడు ఆయన మీద కేసు పెడతారంట్రా?"

"కేసు కాదమ్మా, విచారణే."

"ఆ బిరడా పీక్కుపోయినాక నెల్రోజులు మడమ అడ్డం పెట్టుకుని స్నానం చేశాన్రా నేను! అది కూడా రాయి, విచారిస్తారు." (రాశాను. అనుబంధం-4.)

ఏప్రిల్ బాప్తిస్మం మే నెలకి, అక్కణ్ణుంచి జూన్‌కి మారింది. మా వైపు పెళ్లి కేకులో పై అంతస్తు దాచిపెట్టి, తొలి బిడ్డ బాప్తిస్మానికి కోస్తారు. టామ్సిన్ తల్లి బ్రయొనీ పెళ్లి కేకు డోర్కసమ్మ దగ్గరే రేకు డబ్బాలో ఉంది. వాయిదా పడిన ప్రతిసారీ ఎండిపోకుండా దాని మీద నాలుగు చెంచాల బ్రాందీ పోసేది. జూన్‌కల్లా ఆ డబ్బా మూత తీస్తే కళ్లలో నీళ్లు తిరిగేవి.

జూన్‌లో తనిఖీ జరిగింది. క్రంప్టన్‌గారు మరో ముగ్గురితో వచ్చి కన్నాన్ని కొలిచారు. నాలుగు కొలతలు నాలుగు రకాలుగా వచ్చాయి. నేను నా పాత ఇత్తడి కొలబద్ద తీసి ఐదో కొలత ఇవ్వబోతే, అనుమతి లేని పరికరం రాతికి తగలకూడదన్నారు. తరువాత చర్చి తలుపు మీద ఇరవై ఎనిమిది రోజులు ప్రకటన అంటించాం. అభ్యంతరం ఒక్కటే వచ్చింది. ఎక్కడో సముద్రతీరంలో ఉండే పెద్దమనిషి, ఆ తొట్టిని ఫొటోలో చూసి ప్రేమించినవాడు, మధ్యయుగపు వాతావరణానికి రబ్బరు నప్పదని రాశాడు. రబ్బరా, కార్కా, సీసమా అనే అంశం మీద మరో ఉపసంఘం వేశారు. ఆగస్టులో అందరూ సెలవుల మీద వెళ్లారు.

మా పాస్టరమ్మ ఫిలిప్పా లవ్‌రిడ్జ్‌గారికి ఏడు ఊళ్ల చర్చిలు ఉన్నాయి, ఓపిక మాత్రం ఒక ఊరికి సరిపడానే ఉంది.

"పోనీ లియోనెల్‌గారూ, తొట్లో ఓ గాజు గిన్నె పెట్టి, గిన్నెలో నీళ్లు పోద్దాం. దేవుడేం అనుకోడు."

"దేవుడు అనుకోడండీ, ఉపసంఘాన్ని అడగాలి," అన్నాను.

అడిగాను. గిన్నె 'తొట్టిలో తొట్టి' కిందికి వస్తుంది, దానికి ప్రత్యేక దరఖాస్తు అన్నారు. డోర్కసమ్మ అయితే ఇంకో మాట అంది. "కూరగాయల ముక్కలు కలుపుకునే గిన్నెలో నా ముని మనవరాలికి బాప్తిస్మమా? అంతకంటే ఆ పందులే నయం, రాతి తొట్లో తాగినయ్యి."

పాస్టరమ్మ పళ్లు బిగించింది. "సరే. మీ బొటనవేలు కన్నంలో పెట్టండి. నేను రెండు నిమిషాల్లో కానిచ్చేస్తాను. వేలు వస్తువు కాదుగా."

నాకూ సబబే అనిపించింది. అక్కడితో ఊరుకోవచ్చు. కానీ వేలు వస్తువు అవునో కాదో ఒక మాట కనుక్కుంటే మంచిదని ఉపసంఘానికి రాశాను. తొమ్మిది వందల ఏళ్లుగా మా ఊరు చేసిన తప్పులన్నీ అడక్కుండా చేసినవి. నేను చేసిన తప్పు అడగడం.

బొటనవేలు 'తాత్కాలిక ప్రవేశిత వస్తువు' కిందికి వస్తుందని క్రంప్టన్‌గారు తేల్చారు. వేలి వ్యాసం, ఉష్ణోగ్రత, గతంలో మరే రాతిలోనైనా పెట్టిన అనుభవం తెలుపుతూ ఫారం నింపాలి. పరిశీలనకు పన్నెండు వారాలు.

ఆ కాగితం పట్టుకుని డోర్కసమ్మ దగ్గరికి వెళ్లాను. అప్పటికి మంచం దిగడం లేదు. కిటికీలోంచి ఆపిల్ తోట చూస్తోంది.

"పన్నెండు వారాలంటే?"

"నవంబరమ్మా."

"ఈసారి ఆపిల్ కోతకే ఉండనంటున్నాడురా డాక్టరు." కిటికీ మీంచి చూపు నా వైపు తిప్పింది. "నీ తప్పేం లేదులే. చిన్నప్పుడు కూడా నువ్వంతే. బడిలో ఒంటేలుకి చెయ్యెత్తి, టీచరు చూసేదాకా తడుపుకుంటూ నిలబడ్డావు."

నేను ఏడవలేదు. గుమ్మం దాటాక ఏడ్చాను.

సెప్టెంబరు చివరి ఆదివారం కోతల పండగ. చర్చి నిండా గుమ్మడికాయలూ, గోధుమ పనల ఆకారంలో చేసిన పెద్ద రొట్టె, తొట్టి చుట్టూ తీగల దండలు. (దండలకు అనుమతి అక్కర్లేదు. ఎందుకో నేను అడగలేదు. మనిషన్నాక నేర్చుకుంటాడు.) ప్రార్థన ముగిసి జనం లేస్తుండగా బ్రయొనీ చక్రాల కుర్చీలో డోర్కసమ్మని తోసుకొచ్చి తొట్టి పక్కన ఆపింది. డోర్కసమ్మ ఒళ్లో ఒక ఫ్లాస్కూ, ఒక రేకు డబ్బా ఉన్నాయి.

"పాస్టరమ్మా, ఇట్రా తల్లీ. బ్రయొనీ, బిడ్డని ఆమెకియ్యి. నన్ను కాస్త పైకి లేపండి."

ఇద్దరు లేపారు. ఆమె కుడిచేయి తొట్టిలోకి దించి, అడుగున తడిమి, బొటనవేలు కన్నంలో పెట్టింది.

"ఫ్లాస్కులో నీళ్లు గోరువెచ్చగానే ఉన్నయ్యి, పొయ్యండి."

పాస్టరమ్మ నా వంక చూసింది. చర్చి మొత్తం నా వంక చూసింది. నేను పైకప్పు వంక చూశాను, కారుతున్న రెండో చోటు ఎంతవరకు వచ్చిందోనని.

నీళ్లు పోశారు. నిలిచాయి. ఒక్క చుక్క కారలేదు. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామమున టామ్సిన్ నెత్తిన మూడుసార్లు నీళ్లు పడ్డాయి. పిల్ల చెవులు చిల్లులు పడేలా ఏడ్చింది. డోర్కసమ్మ చేయి తీయకుండా ఆ ఏడుపు మొత్తం విని నవ్వింది. అంత అందమైన అతిక్రమణ నేను ఉద్యోగంలో ఉండగా ఒక్కటీ చూడలేదు.

"చూశావురా లియోనెల్? ఎవర్నీ అడగలా." వేలు తీసింది. నీళ్లు గుటుక్కుమంటూ నేలలోకి దిగిపోయాయి. తరువాత కేకు కోశాం. ముగ్గురు ఇళ్లకు నడవలేకపోయారు.

పదమూడు రోజులకు డోర్కసమ్మ పోయింది. చర్చి ఆవరణలో సిడ్నీ పక్కనే పడుకోబెట్టాం. (ఆ అనుమతి 1974కి ముందే తీసుకుని ఉంచాడు సిడ్నీ. తిక్కలోడే గానీ ముందుచూపు ఉన్నవాడు.)

జనవరిలో వార్షిక నివేదిక పంపాలి. 'గత ఏడాది తొట్టిలోనికి ఏవైనా ప్రవేశపెట్టబడెనా?' అని ప్రశ్న. కలం పట్టుకుని గంటసేపు కూర్చున్నాను. చివరికి రాశాను: 'ఒకటి. బొటనవేలు. రెండు నిమిషములు.'

ఆశ్చర్యం, నెల తిరక్కుండా జవాబు వచ్చింది. రబ్బరు బిరడాకి అనుమతి మంజూరు! బిరడా కూడా కవర్లోనే పెట్టి పంపారు. ఒకే ఒక షరతు: బిరడా అమర్చేముందు బొటనవేలు పూర్తిగా తొలగించినట్టు, సదరు వేలి సొంతదారు సంతకంతో ధ్రువపత్రం జతచేయాలి. సొంతదారు సంతకం చేయలేని పక్షంలో కారణం తెలపాలి.

'మరణం' అని తెలిపాను.

సదరు కారణం తాత్కాలికమా, శాశ్వతమా అని క్రంప్టన్‌గారు తిరుగు టపాలో అడిగారు. రెండిట్లో ఒకదానికి టిక్కు పెట్టమన్నారు.

నేను చర్చి పెద్దని. చనిపోయినవాళ్లు తిరిగి లేస్తారని ప్రతి ఆదివారం, అందరితోపాటు నిలబడి, పైకి చదివేవాణ్ణి. అబద్ధం రాయను. 'తాత్కాలికం' దగ్గర టిక్కు పెట్టాను.

ఆమె వచ్చి సంతకం చేసేవరకు ఫైలు పెండింగులో ఉంచారు.