ఆదర్శ రోగికి సన్మానం

మా రికార్డుల ఆఫీసు హెడ్ గుమాస్తాగారు ఈ ఏటి ఆదర్శ రక్తపోటు రోగిగా ఎంపికయ్యారని తెలియజేయడానికి ఎంతో సంతోషిస్తున్నాను. పదేళ్లుగా ఆస్పత్రిలో ఎప్పుడు కొలిచినా ఆయన బీపీ నూట ఇరవై బై ఎనభై. వీసమెత్తు తేడా లేదు.

ఈ ఘనత వెనుక ముప్పయ్యేళ్ల సర్వీసు ఉంది. తనిఖీకి వారం ముందు బీరువాలు సర్దడం, అధికారి గడప దాటగానే యథాస్థితికి తేవడం మా ఆఫీసు పద్ధతి. గుమాస్తాగారు దాన్నే ఒంటికీ వర్తింపజేశారు. డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు వారం రోజులు మాత్ర వేసుకునేవారు.

"ఒంట్లో ఏ బాధా లేనప్పుడు మందెందుకయ్యా? డాక్టరుగారి మనసు కష్టపెట్టకూడదని వేసుకుంటున్నానంతే" అనేవారు నాతో.

ఆయన భార్య మాత్రం రుజువు అడిగే మనిషి. ఆవిడ అన్న యాభై ఏళ్లకే పక్షవాతంతో మంచాన పడ్డాడు. అందుకని రోజూ పొద్దున్నే ఖాళీ మాత్రల అట్ట చూపించమనేది. ఆయన చూపించేవారు. మాత్ర వరండాలోని క్రోటన్ కుండీలోకి వెళ్లేది. రికార్డు ప్రకారం అంతా సక్రమం. ఆ మొక్క కూడా ఏనాడూ ఆవేశపడిన దాఖలాలు లేవు.

అనుకున్న తేదీకి హాలు దొరకలేదని సన్మానసభను రెండు వారాలు ముందే పెట్టేశారు. కబురు సభకు ముందురోజే అందింది. పాపం, గుమాస్తాగారికి సర్దుకునే వ్యవధి లేకపోయింది.

"ఈయన్ని చూసి నేర్చుకోండి! క్రమశిక్షణంటే ఇదీ! ఇప్పుడే, మీ అందరి ముందే కొలుస్తాను!" అని డాక్టరుగారు ఉత్సాహం పట్టలేక మిషను తెప్పించారు.

రెండొందల పది బై నూట ఇరవై.

"మిషను పాతదేమోనండీ" అన్నారు గుమాస్తాగారు. డాక్టరుగారు అవునని, సరిచూడ్డానికి తన చేతికే కట్టుకున్నారు. నూట తొంభై. ఊరందరికీ మాత్ర వేసుకోమని చెప్పే హడావిడిలో ఆయనకు తాను వేసుకునే తీరిక చిక్కదు. తర్వాత ముందువరస పెద్దలందరికీ కట్టారు. అందరికీ అదే వరస. నాకూ కట్టారు గానీ, ఆ అంకె ఇక్కడ అప్రస్తుతం.

అక్కడికక్కడే ముగ్గురితో విచారణ సంఘం వేశారు. ఇంతమంది పెద్దమనుషులు మాత్ర వేసుకుంటున్నామని చెబుతుండగా మిషను ఒక్కటే కాదంటున్నందున, మిషనుదే తప్పని తేల్చి దాన్ని సస్పెండు చేశారు. హాలంతా చప్పట్లు.

గుమాస్తాగారి భార్య లేచింది. "మిషను బాగానే ఉందండీ. మనుషులే పాడైపోతున్నారు" అంది. ఆ మాట మినిట్స్‌లో రాయలేదు. ఆవిడ మిషనును చేతిసంచిలో పెట్టుకుని ఇంటికి పట్టుకుపోయింది.

మర్నాడు పొద్దున్నే మంచినీళ్ల గ్లాసుతో వచ్చి ఆయన ఎదురుగా కుర్చీ వేసుకుంది.

"నోరు తెరవండి. మింగాక నాలుక పైకెత్తండి."

"ఏమిటే, నా మీద ఆమాత్రం నమ్మకం లేదా?"

"కుండీలో మట్టి మార్చానండీ. గుప్పెడు మాత్రలు దొరికాయి." ఆవిడ అట్టలోంచి మాత్ర తీసింది. "మా అన్నకి నాలుగేళ్లు అన్నం తినిపించాను. మీకు కూడా తినిపించమంటే నా వల్ల కాదు. నాకు భయంగా ఉంది."

ముప్పయ్యేళ్ల సర్వీసులో మొదటిసారి, గుమాస్తాగారు ఆకస్మిక తనిఖీకి నోరు తెరిచారు.

తక్కిన మేమంతా క్షేమం. మీ ఇంట్లో మిషను కూడా ఈ మధ్య తప్పు చూపిస్తోందని విన్నాను. కొత్తది కొనే ముందు, ఓసారి మీ వరండాలో కుండీ మట్టి తిరగేసి చూడండి.