బాన్‌ఫైర్ మనదే

"అమెరికాలో ఏటా శరదృతువులో వేసే బాన్‌ఫైర్ మన తెలుగువాళ్లదే," అని తెలుగు సంఘం అధ్యక్షులు డాక్టర్ జగదీష్ గారు సమావేశం హాల్లో ప్రకటించేసరికి ఆయన భార్య వసుమతి పులిహోర వడ్డిస్తోంది. ఇంత చారిత్రక సత్యం భర్త కడుపులో ఉందని పొద్దున కాఫీ ఇచ్చినప్పుడు కూడా ఆమెకు తెలియదు.

అది 1983 అక్టోబరు. న్యూజెర్సీలో ఆ చిన్న ఊరివాళ్లు హైస్కూలు ఫుట్‌బాల్ ఆటకి ముందు మైదానంలో ఎండుటాకులూ విరిగిన చెక్కపెట్టెలూ పోగేసి, పైన ప్రత్యర్థి జట్టు బొమ్మ నిలబెట్టి తగలబెడతారు. ఈసారి మేయరు తెలుగువాళ్లనీ పిలిచాడు.

"నరక చతుర్దశికి మనం నరకాసురుణ్ణి కాలుస్తుంటే మచిలీపట్నం రేవులో తెల్లవాళ్లు చూశారు. ఓడలో పట్టుకొచ్చారు," అన్నారు డాక్టరు గారు.

"ఆధారం ఏమిటండీ?" అంది వసుమతి.

"ఇంకెవరూ క్లెయిమ్ చెయ్యలేదు వసూ."

ఉపాధ్యక్షుడు శ్యామ్‌సుందర్ లేచాడు. "అబ్జెక్షన్. ఇది కామదహనం."

"అది ఫాల్గుణంలో కదా అన్నయ్యగారూ. ఇప్పుడు అక్టోబరు," అంది వసుమతి.

"టైమ్ డిఫరెన్స్ అమ్మా."

సగం హాలు చప్పట్లు కొట్టింది. ఆ సగంతో ఆయన అక్కడికక్కడే 'అసలు తెలుగు సంఘం' స్థాపించాడు. పులిహోర మాత్రం ఉమ్మడిగానే తిన్నారు.

రెండు సంఘాలూ చెరో మంట అడిగితే, ఊరికి ఒకే మంట అన్నాడు మేయరు. దాంతో రాజీ కుదిరింది. బొమ్మకి నరకాసురుడి మీసాలు, చేతిలో మన్మథుడి చెరకువిల్లు, నెత్తిన ఫుట్‌బాల్ హెల్మెట్. చెరకు దొరక్క వసుమతి మొక్కజొన్న దంటు వంచి కట్టింది. ఎవరు ముట్టించాలన్నది మాత్రం తేలలేదు.

ఆ సాయంత్రం మైదానంలో బ్యాండు ఆగింది. ఇద్దరు అధ్యక్షులూ ఒకే మైకు పట్టుకున్నారు.

"ప్రోటోకాల్ ప్రకారం అధ్యక్షుడు ముట్టించాలి."

"ఏ అధ్యక్షుడు?"

తెలుగు రాని మేయరు అదేదో ప్రార్థన అనుకుని, టోపీ తీసి గుండెలకి హత్తుకున్నాడు. ఊరంతా టోపీలు తీసింది. చలికి జనం ముక్కులు ఎర్రబడ్డాయి. వసుమతి కాసేపు చూసింది. కొంగు నడుముకి దోపుకుని, బొమ్మ వెనక్కి వెళ్లి, కార్డిగన్ జేబులోని అగ్గిపెట్టె తీసింది.

ఒక్క పుల్లకే ఆకులు భగ్గుమన్నాయి. చిన్నప్పుడు మతాబు ముట్టించినట్టే ఆమె ఒళ్లు జల్లుమంది. బ్యాండు మళ్లీ అందుకుంది. రెండు సంఘాల ఆడవాళ్లూ చెక్కపెట్టెల పుల్లలు పట్టుకుని, ఫుట్‌బాల్ పాటకి కోలాటం మొదలుపెట్టారు. చీర్‌లీడర్లు వచ్చి కలిశారు. మీసాలు కాలాయి, విల్లు కాలింది. మైకు దగ్గర ప్రోటోకాల్ ఇంకా నడుస్తూనే ఉంది.

ఇంతలో ఫైర్ చీఫ్ బరువైన బూట్లతో వేదిక ఎక్కాడు.

"దీన్ని ముట్టించింది ఎవరు?"

అధ్యక్షులిద్దరూ ఒకేసారి మైకు వదిలేశారు.

"బాన్‌ఫైర్ మీ అమెరికన్ కస్టమ్ కదండీ," అన్నారు డాక్టరు గారు. "మేం కొత్తగా వచ్చినవాళ్లం."

"మా వైపు మంటల పండగే లేదు," అన్నాడు శ్యామ్‌సుందర్.

"అయ్యో," అన్నాడు చీఫ్. "ఒక్క పుల్లతో అంటించినవాళ్లని ఫైరింజన్ మీద ఊరేగించడం మా ఆనవాయితీ."

కోలాటం మధ్యలోంచి వసుమతి చెయ్యెత్తింది. చీర కుచ్చిళ్లు పట్టుకుని ఫైరింజన్ ఎక్కి, డ్రైవర్ పక్కన కూర్చుంది.

"వసూ, మరి నేనో?" అన్నారు డాక్టరు గారు కింద నుంచి.

"మీరు కారు తెచ్చేయండి," అంటూ ఆమె సైరన్ తాడు లాగింది.