ఊరగాయ జాడీల వెనక తొర్రిపళ్ళ టోబీ

నెబ్రాస్కాలో మొగుళ్ళకి న్యాయం లేదు. మీరే చెప్పండి. సిగరెట్టు ముట్టను, పేకాట ఎరగను. నాకున్న వ్యసనమల్లా పాత మూకీ కౌబాయ్ హాస్యచిత్రాలు పోగెయ్యడం. పేరున్న వాళ్ళవి కావు, వాటిని అందరూ చూస్తారు. కన్నతల్లి కూడా మర్చిపోయిన హాస్యగాళ్ళవి. ఈమాత్రానికే మా ఆవిడ వెర్నా నన్ను దొంగలా చూస్తుంది!

"ఇంకొక్క రీలు లోపలికొచ్చిందంటే నువ్వు బయటికెళ్తావు, ఓర్విల్!" అని ఈస్టర్ నాడే తేల్చి చెప్పింది.

ఆగస్టులో ఒక పాత సామాన్ల వేలంలో తొర్రిపళ్ళ టోబీ దొరికాడు. కంచరగాడిద మీద వెనక్కి తిరిగి కూర్చుని దొంగల్ని తరిమే టోబీ! ఇంకో కాపీ ఎక్కడా ఉన్నట్టు ఎవరూ వినలేదు. వదిలేసి రమ్మంటారా?

డబ్బా తెరిస్తే గుప్పున వినెగర్ వాసన. పాత ఫిల్ము కుళ్ళడం మొదలైతే అదే కంపు. ఇంకో ఏడాదైతే టోబీ ముడుచుకుపోయి ఏ ప్రొజెక్టరుకీ ఎక్కడు. బాగుచేయించే దారి దొరికేదాకా దాచాలి, దాస్తే వాసన పట్టిస్తుంది. ఒక్కచోట తప్ప. కొట్టుగదిలో వెర్నా ఏటా వినెగర్ పోసి పెట్టే దోసకాయ ఊరగాయ జాడీల వెనక! నా తెలివికి నేనే మురిసిపోయాను.

"ఊరగాయ బాగా ఊరుతోంది, ఘాటు ఇక్కడిదాకా కొడుతోంది" అన్నాను, ముందుజాగ్రత్తగా.

"నాకూ కొడుతోంది" అంది వెర్నా.

అక్టోబరులో చూస్తే డబ్బా లేదు! అడుగుదామంటే దాచానని ఒప్పుకోవాలి. చలికాలమంతా కుక్కిన పేనులా పడి ఉన్నాను.

ఫిబ్రవరిలో చర్చి హాలు తలుపు మీద కాగితం కనిపించింది. 'తొర్రిపళ్ళ టోబీ, కొత్తగా బాగుచేసిన ప్రతి. పియానో: వెర్నా. దాత: వెర్నా.'

ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చి అరిచాను. "దొంగతనం! పట్టపగటి దొంగతనం!"

"దాచింది నువ్వు, దొంగని నేనా? నీ కడుపులో మంటకి పులుపు వద్దని డాక్టరన్నాడు కదా! ఈసారి ఊరగాయలో వినెగర్ చుక్క వెయ్యలేదు, అంతా ఉప్పునీళ్ళే. రోజూ తింటూ కూడా తెలీలేదా, అది నాలుకా, తోలుముక్కా?"

"తెలిసినదానివి చెప్పొచ్చుగా?"

"చెప్తే ఇంకోచోట దాచేవాడివి. అక్కడే కుళ్ళి చచ్చేది. అందుకే ల్యాబుకి పంపాను."

అన్యాయం అక్కడితో ఆగలేదు, నా సినిమాకి నాచేతే టికెట్ కొనిపించారు!

తెరమీద టోబీ గాడిదనెక్కగానే పియానో ఆగిపోయింది. వెర్నా నవ్వు ఆపుకోలేక మీటల మీద వాలిపోయింది. నలభై ఏళ్ళలో నా రీలు చూసి ఆవిడ నవ్వడం అదే మొదలు. నాకు ఏడుపొచ్చింది.

"ఈ టోబీవి ఇంకా దొరుకుతాయా?" అంది ఇంటికొస్తూ.

"రీలు లోపలికి రాకూడదన్నావుగా?"

"నువ్వు తేకూడదన్నాను. నేను తెస్తే ఏం?"

ఇప్పుడు వేలాలకి ఆవిడ వెళ్తుంది. ఊరగాయకి దోసకాయలు నేను కోస్తున్నాను.