కన్సోల్‌కు చెమట పట్టదు

ఎండాకాలంలో గేమ్ కన్సోల్ వేడెక్కడాన్ని మించిన అదృష్టం సంసారికి మరొకటి లేదని నేను ఘంటాపథంగా చెప్పగలను. ఇంట్లో కన్సోల్ లేనివాళ్ళను చూస్తే నాకు జాలి. ఉండీ అది వేడెక్కనివాళ్ళను చూస్తే మరీ జాలి. పెట్టుబడి పెట్టి లాభం వదులుకున్నవాళ్ళు వాళ్ళు!

నవ్వుకోండి. కానీ నవ్వేముందు నేనెవరో వినండి. నాది ప్యాకింగ్ సామాను కొట్టు. అట్టపెట్టెలు, టేపులు, బబుల్ షీట్లు, థర్మోకోల్ పెట్టెలు అమ్ముతాను. లోపల ఏముందో చూడకుండా పైన ఏం చుట్టాలో చెప్పడం నా వృత్తి. దేన్నైనా లాభనష్టాల్లో తూచి గాని ఒప్పుకోను. పెళ్ళైన కొత్తలో తన చిరునవ్వును కూడా రెండువైపులా తిప్పి చూశాకే పుచ్చుకున్నానని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. అలాంటి మనిషి ఒక వస్తువును అదృష్టం అంటున్నాడంటే, ఊరికే అంటాడా?

మా వీధి చివర ఎలక్ట్రానిక్స్ షాపాయన కొట్టు ఎత్తేస్తూ, మిగిలిపోయిన ఈ కన్సోల్‌ను చవగ్గా నా చేతిలో పెట్టాడు. ఈ వయసులో గేములేమిటని మీరడగబోతున్నారు. మా ఆవిడ ముందే అడిగేసింది. నేను ఆడేది ఒక్కటే గేము, లారీ నడిపే గేము. పగలంతా కొట్లో అట్టపెట్టెలు లారీకెక్కిస్తాను. ఇంటికొచ్చి కాళ్ళు చాపుకుని, తెరమీద అట్టపెట్టెల లారీ నడుపుతాను. రెంటికీ తేడా లేదా? చాలా ఉంది. ఈ లారీ డ్రైవరు నా మాట వింటాడు. ఎందుకంటే ఆ డ్రైవరు నేనే.

ఇక మా ఇల్లు. ముందుగదిలో టీవీ, కన్సోల్, నేను. వెనకగదిలో మా ఆవిడ కుట్టుమిషను, ఇస్త్రీ బల్ల, కొట్లో చోటు చాలక నేను తెచ్చి పేర్చిన అట్టపెట్టెల దొంతర. ఆ గదికి కిటికీ కూడా ఒకటి ఉందట. మా ఆవిడ స్కూలు యూనిఫారాలు కుడుతుంది. సరిగ్గా ఎండలు మండే రోజుల్లోనే ఆమెకు పని మండిపోతుంది, బళ్ళు తెరిచేలోగా చొక్కాలన్నీ షాపుకు చేరాలి మరి. ఆలస్యమైతే వచ్చే ఏడాది ఆర్డరు వేరేవాళ్ళకు పోతుంది. పైగా అన్నీ తెల్లచొక్కాలు. చెమట చుక్క పడిందా, ఆ చొక్కా మళ్ళీ ఉతికి ఆరేసి ఇస్త్రీ చేయాల్సిందే. అందుకని నుదుటికి తువ్వాలు బిగించుకుని కుడుతుంది. చూడ్డానికి కుస్తీకి దిగిన మనిషిలా ఉంటుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం నా లారీ కొండెక్కుతోంది. ఉన్నట్టుండి తెర నల్లబడింది. దాని మీద తెల్లటి అక్షరాలు: "పరికరం మరీ వేడెక్కింది. గాలి ఆడే చోట పెట్టండి."

నేను నోరెళ్ళబెట్టాను. ఇన్నేళ్ళ వ్యాపారంలో వేడిగా ఉందని పని ఆపేసినవాడు నాకు తగల్లేదు. పైగా ఎంత మర్యాద! అరవలేదు, అలగలేదు, కారణం చెప్పి కళ్ళు మూసుకుంది. చూశారా మొదటి లాభం? మా ఇల్లు ఇంత వేడిగా ఉంటుందని ఆ రోజు దాకా నాకు ఎవరూ చెప్పలేదు. వెనకగదిలోంచి ఏవో మాటలు వినిపించేవి గాని, అవి తెరమీద పడలేదుగా?

వెంటనే చర్యలకు దిగాను. వెనకగదిలోని టేబుల్ ఫ్యాను తెచ్చి కన్సోల్ వైపు తిప్పాను.

"మరి నాకో?" అంది మా ఆవిడ.

"సీలింగు ఫ్యాను ఉందిగా."

"అది తిరుగుతోందో, ఆలోచిస్తోందో ఎవరికీ తెలీదు."

"చూడు, నువ్వు మనిషివి. నీకు చెమట పడుతుంది. అది దేవుడిచ్చిన కూలింగు, కరెంటు కూడా అక్కర్లేదు. కన్సోల్‌కు పాపం ఆ వసతి లేదు."

"పాపం," అంది మా ఆవిడ. ఆ ఒక్క మాటే అని వెనకగదిలోకి వెళ్ళిపోయింది. ఆ రోజే కన్సోల్‌కు కొత్తల్లుడు అని పేరు పెట్టింది. "కొత్తల్లుడికి గాలి తగుల్తోందా? కొత్తల్లుడికి నిద్ర పట్టిందా?" అని లోపలినుంచే కుశలప్రశ్నలు వేసేది.

ఫ్యాను సరిపోలేదు. అప్పుడు నా వృత్తిజ్ఞానం అక్కరకొచ్చింది. ఐస్‌క్రీము ఊళ్ళు దాటి వెళ్ళేది దేనిలో? చేపలు చల్లగా మార్కెట్టుకు వచ్చేది దేనిలో? నేనమ్మే థర్మోకోల్ పెట్టెలో! కొట్టుకు పరిగెత్తి మేలురకం పెట్టె తెచ్చాను. వైర్లకు కన్నాలు చేసి, కన్సోల్‌ను లోపల పడుకోబెట్టి, పక్కన ఐసుగడ్డల సంచీ పెట్టి, మూతేసి, అంచుల వెంట టేపు కూడా వేశాను. ప్యాకింగ్ ఎంత ముచ్చటగా కుదిరిందంటే, ఎవరైనా కొరియరువాడు కనిపిస్తే ఇచ్చి పంపేసేవాణ్ణే.

లారీ ఊరి పొలిమేర దాటకముందే తెర నల్లబడింది.

మా అమ్మాయి ల్యాబులో పనిచేస్తుంది. డ్యూటీనుంచి వచ్చి టేపు కోసి మూత తీసింది. గుప్పుమని ఆవిరి దాని కళ్ళజోడు మీద పడింది.

"నాన్నా, దీన్ని చల్లబెడుతున్నారా, ఉడకబెడుతున్నారా?"

"థర్మోకోల్ చల్లగా ఉంచుతుంది తల్లీ. నేను ఇన్నేళ్ళుగా అమ్ముతున్నాను."

"లోపలున్నదాన్ని బయటికి పోనివ్వదు, అంతే. లోపల ఐసుంటే చల్లదనం పోదు. లోపల పొయ్యి ఉంటే వేడి పోదు. ఇది పొయ్యి."

జీవితమంతా ఒక సరుకు అమ్మి, అదేం చేస్తుందో కూతురి నోట విన్న వ్యాపారి మీకెక్కడైనా కనిపించాడా? నన్ను చూడండి, నేనున్నాను.

అమ్మాయి అంతటితో ఊరుకుందా? కన్సోల్‌ను తిరగేసి, వెనకవైపు గోరు పెట్టి ఏదో గీకింది. "ఇదేంటి నాన్నా, కొన్నప్పటి ప్లాస్టిక్ పొర ఇంకా తియ్యలేదా? గాలి కన్నాల మీదే ఉంది!"

"తీస్తే సెకండ్ హ్యాండ్ సరుకు అయిపోదూ?"

ఇక్కడ నా సిద్ధాంతం ఒకటి మీకు విన్నవించుకోవాలి. ప్యాకింగ్ విప్పినప్పుడే సరుకు విలువ పడిపోతుంది. అందుకే మా టీవీ రిమోటు కవరులో ఉంటుంది. ఫ్రిజ్ తలుపు మీద కంపెనీ అంటించిన నీలం పొర అలాగే ఉంది. మా సోఫా మీద ఇంతవరకు ఎవరూ కూర్చోలేదు, దాని కవరు మీద కూర్చున్నారు. అలాంటి ఇంట్లో మా అమ్మాయి ఆ పొరను చర్రుమని ఒక్కలాగు లాగేసరికి, నా వీపు మీద కట్టు పీకినట్టయింది. వెనకగదిలో మిషను చప్పుడు ఆగింది. మా ఆవిడ నవ్వు వినపడింది. మళ్ళీ మిషను చప్పుడు మొదలైంది.

పొర తీశాక కొంత మెరుగే. కానీ ఎండ ముదిరింది, నా లారీ సగం దారిలో ఆగడం మానలేదు. అప్పుడు తీసుకున్నాను నిర్ణయం. ఏసీ పెట్టించేశాను!

మా ఆవిడ ఎన్నేళ్ళుగానో అడుగుతున్న ఏసీ అది. అడిగినప్పుడల్లా నేను లెక్క వేసి, గిట్టుబాటు కాదని తేల్చేవాణ్ణి. లెక్కలో తప్పు లేదు. మనుషుల్ని చల్లబరచడంలో లాభం ఏముంది? వాళ్ళు ఎలాగూ పనిచేస్తారు. యంత్రం అలా కాదే, ఆగిపోతుంది!

బిగించడానికి వచ్చిన మెకానిక్ గది కొలిచి అడిగాడు. "ఈ గదిలో ఎంతమంది పడుకుంటారు సార్?"

"ఎవరూ పడుకోరు. ఒకటి కూర్చుంటుంది."

అతను కన్సోల్‌ను చూశాడు. నన్ను చూశాడు. "దీనికా సార్ ఏసీ?"

"దానికే బాబూ," అంది తలుపు దగ్గర నిలబడ్డ మా ఆవిడ, నుదుటి తువ్వాలు సర్దుకుంటూ. "మాకు చెమట పడుతుందిలే."

మాటల్లో అతను మరో సంగతి చెప్పాడు. మనిషి ఒంట్లోంచి కూడా వేడి వస్తుందట, గదిలో జనం ఎక్కువైతే ఏసీ మీద బరువు పెరుగుతుందట. వ్యాపారి చెవిన ఇలాంటి మాట పడితే ఊరుకుంటాడా? ఆ రోజే ఇంట్లో నియమాలు పెట్టాను. అవసరం లేనివాళ్ళు ముందుగదిలో కూర్చోరాదు. తలుపు వేలెడంత తెరిచి, పక్కగా దూరి, వెంటనే మూయాలి. కోపం వస్తే వంటగదిలోకి వెళ్ళి కోప్పడాలి, ఎందుకంటే కోపంలో ఒళ్ళు వేడెక్కుతుంది.

"అవసరం ఉన్నవాళ్ళు అంటే ఎవరండీ?" అంది మా ఆవిడ.

"లారీ నడిపేవాడు."

దీనివల్ల ఎన్ని లాభాలో చూడండి. చుట్టాలు వచ్చినా గుమ్మంలోనే పలకరించి వెళ్ళిపోతున్నారు. ముందుగదిలో గొడవలు పూర్తిగా పోయాయి. నేను దుప్పటి కప్పుకుని లారీ నడుపుతున్నాను. ఎండాకాలంలో దుప్పటి! ఈ భోగం మా తాతకు ఉందా? మా నాన్నకు ఉందా?

అలా హాయిగా సాగుతుండగా, బళ్ళు తెరిచే రోజులు దగ్గరపడ్డ ఒక మధ్యాహ్నం, వెనకగదిలో మిషను చప్పుడు ఆగిపోయింది. నవ్వు వినపడలేదు. ఎంతసేపు చూసినా చప్పుడు మళ్ళీ మొదలవలేదు. టీ వేళ దాటిపోయింది.

వెళ్ళి చూద్దును కదా, మిషను ముందే కూర్చుని ఉంది. సూది కింద తెల్లచొక్కా సగం కుట్టి ఉంది. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుంది. తువ్వాలు తడిసి ముద్దయింది. సూదికి కాస్త పక్కన, చొక్కా మీద, గుండ్రంగా తడి మరక.

"ఏమిటలా కూర్చున్నావు?"

సూది వైపే చూస్తోంది.

"ఒంట్లో బాగోలేదా? టీ అయినా..."

అప్పుడు, నా వైపు తిరగకుండానే, రోజూ తెరమీద చదివి కంఠతా పట్టిన మాటల్ని ఎక్కడా స్వరం పెంచకుండా అప్పజెప్పింది. "పరికరం మరీ వేడెక్కింది. గాలి ఆడే చోట పెట్టండి."

నా వెనకే వచ్చిన మా అమ్మాయి ఫక్కున నవ్వబోయి, తల్లి మొహం చూసి ఆపేసుకుంది. కన్సోల్ అయితే బటన్ నొక్కి చూసేవాణ్ణి. ఇక్కడ ఏం నొక్కను?

"నాన్నా, మిషను ఆ పక్క పట్టుకోండి," అంది అమ్మాయి.

పట్టుకున్నాను. ఆ సందేశం వస్తే ఏం చేయాలో నాకంటే బాగా తెలిసినవాడు ఈ వీధిలో ఎవడున్నాడు? కుట్టుమిషను ముందుగదిలోకి వెళ్ళింది. ఇస్త్రీ బల్ల వెళ్ళింది. బల్ల పట్టేటంత చోటు కావాలి గనక టీవీ, కన్సోల్, నా కుర్చీ వెనకగదిలోకి వచ్చాయి. ఏసీ మాత్రం గోడకు బిగించి ఉంది, కదలదట. నేను అడిగి చూశాను.

యూనిఫారాలు వేళకు షాపుకు చేరాయి. ఒక్క చొక్కా మీదా మరక లేదట. వచ్చే ఏడాది ఆర్డరు కూడా ఆమెకేనట. ఇదంతా ఎవరి చలవ? నా కన్సోల్ చలవ కాదా?

తర్వాతి ఆదివారం వెనకగదిలో కూర్చుని లారీ స్టార్టు చేశాను. అది గోడౌను గేటు కూడా దాటలేదు, తెర నల్లబడింది. మా ఆవిడ ఎండాకాలాలన్నీ గడిపిన గది ఇంత నాసిరకం సరుకా? ఏదో లోపం ఉందనిపించింది. అనుభవం ఉన్నవాణ్ణి కదా, గాలి కన్నాలు ఎక్కడ మూసుకుపోయాయో వెతికాను. అట్టపెట్టెల దొంతర వెనక కిటికీ దొరికింది. నిజంగానే ఉంది! దానికి అడ్డంగా నేల నుంచి పైదాకా పెట్టెలు పేర్చిన బుద్ధిమంతుడు ఎవడా అని విచారించాను. పెట్టెల మీది టేపు మా కొట్టుదే. మా కొట్లో పనిచేసేవాళ్ళను నిలదీయాలి, కాకపోతే పనిచేసేది నేనొక్కణ్ణే.

కన్సోల్ కష్టం చూడలేక పెట్టెలన్నీ ఆ మధ్యాహ్నమే మోసి పారేశాను. తుప్పుపట్టిన గడియ సుత్తితో కొట్టి కిటికీ తెరిచాను. గాలి వచ్చింది. గది అవతలి మూల దాకా వచ్చింది.

చప్పుడు విని మా ఆవిడ వచ్చింది. మెడలో కొలత టేపు. కిటికీ చూసింది. గాలిలో చెయ్యి పెట్టి చూసింది.

"ఈ పెట్టెలేవో నేనిక్కడ కూర్చున్నప్పుడే తీయొచ్చుగా?"

"నువ్వు ఎప్పుడూ ఆగిపోలేదుగా," అన్నాను నేను. నిజమే కదా?

ఆమె మెడలోని కొలత టేపు సర్దుకుంది. "ఇకనుంచి ఆగుతాలెండి," అని చల్లగా చెప్పి, చల్లటి గదిలోకి వెళ్ళి, తలుపు వేలెడంత తెరిచి, పక్కగా దూరి, మూసుకుంది.

అన్న మాట నిలబెట్టుకుంది కూడా. ఇప్పుడు రోజూ మధ్యాహ్నం ఆగిపోతోంది. తెరమీద కారణం కూడా పడటం లేదు. నా టీ నేనే పెట్టుకుంటున్నాను. దానివల్ల కొత్త సంగతి ఒకటి తెలిసింది. మా వంటగదిలో అసలు గాలి ఆడదు! ఇన్నేళ్ళూ ఈ విషయం నాకు ఎవరూ చెప్పలేదు.

అక్కడా ఒక కన్సోల్ పెడదామని ఆలోచిస్తున్నాను.