బల్ల తీసుకోవడానికి అందరూ రండి

శుక్రవారం ఉదయం పాస్టరుగారు చొక్కా చేతులు పైకి మడిచి, సుద్దముక్క పట్టుకుని చర్చి గేటు పక్కనున్న నల్లబోర్డు ముందు నిలబడ్డారు. పని చిన్నదే. ఆదివారం ప్రభువు బల్ల ఉంది. దానికి ఈసారి ఎవరైనా రావచ్చని నాలుగు ముక్కలు రాసి, కాఫీ తాగి, ప్రసంగం తయారుచేసుకోవాలి. ఆ రోజుకి అంతకుమించి పనేమీ పెట్టుకోలేదు.

ఎవరైనా అని రాస్తున్నా, ఆయన మనసులో ఉన్నది ఒక్క మనిషే. మెట్లమ్మ.

మెట్లమ్మ తెల్లారకముందు వీధులు ఊడుస్తుంది, శనివారాలు చర్చి ఊడుస్తుంది. చర్చి తాళంచెవి ఆమె కొంగుకే ఉంటుంది. ఆదివారం మాత్రం గడప దాటదు. మెట్ల మీద కూర్చుని పాటలూ ప్రసంగమూ విని, చివరి ప్రార్థన అవగానే లేచి వెళ్లిపోతుంది. అందుకే ఆ పేరు. పదకొండేళ్ల కిందట ఒకే ఒక్కసారి లోపలికొచ్చి, ముందు వరుస బల్ల మీద ఓ చివర కూర్చుంది. "ఇది మాది" అన్నారు చర్చి సంఘపెద్ద, అదీ మెల్లగానే. ఆ బల్ల వీపు మీద వాళ్ల నాన్నగారి పేరు చెక్కి ఉంది మరి. ఆమె లేచి బయటికి వెళ్లిపోయింది. ప్రసంగ వేదిక మీద నుంచి పాస్టరుగారు అంతా చూశారు. చూసి, చదువుతున్నది చదువుతూనే ఉండిపోయారు.

ఆ తర్వాత ఆయన చాలానే చేశారు. వీధులు ఊడ్చేవాళ్లకు చేతి తొడుగులు ఇవ్వాలని అర్జీ రాశారు, వాళ్లతోపాటు మునిసిపల్ ఆఫీసు ముందు ఎండలో నిలబడ్డారు. "ఇది చర్చి పని కాదు" అని సంఘపెద్ద సంతకం పెట్టకపోయినా వెనక్కి తగ్గలేదు. అయినా ఆయనకు తృప్తి లేదు. "నేను వాళ్లతో బయట నిలబడ్డాను గానీ, ఆవిడ నాతో లోపల కూర్చోలేదు" అని భార్య దగ్గర వాపోయేవారు. ప్రతి ఆదివారం ప్రసంగం మధ్యలో ఆయన చూపు తలుపు దగ్గరికి పోయేది. ఖాళీ గడప చూసి, మాట ఎక్కడ ఆపారో వెతుక్కునేవారు.

బోర్డు మీద ఆయన రాసింది ఇది: "ఈ ఆదివారం బల్ల తీసుకోవడానికి అందరూ రండి. మీరెవరని అడగం. ఏం పని చేస్తారని చూడం. పూర్తిగా ఉచితం."

"ఉచితం ఎందుకండీ? మనం ఎప్పుడైనా డబ్బులు పుచ్చుకున్నామా?" అంది పాస్టరమ్మ.

"కొత్తవాళ్లకి ఆ భయం ఉంటుంది కదా."

కొంప మునిగింది అక్కడే. చర్చిలో పుట్టి పెరిగినవాళ్లకు బల్ల తీసుకోవడమంటే చిన్న రొట్టెముక్క తిని, గుక్కెడు ద్రాక్షరసం తాగడం. గేటు బయట నడిచేవాళ్లకు బల్ల అంటే నాలుగు కాళ్ల చెక్క సామాను. పాస్టరుగారు పుట్టింది చర్చి ఆవరణలోనే. రెండో అర్థం ఆయన బుర్రకు తట్టలేదు.

బోర్డు అడుగున ఉన్న నంబరుకు పావుగంటలో ఫోను వచ్చింది. ఎదురు సందులో బట్టలు కుట్టే టైలరమ్మ.

"బోర్డు చూశానండీ. నేనెప్పుడూ మీ చర్చికి రాలేదు. నాకూ ఇస్తారా?"

పాస్టరుగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "మీకోసమే రాశానమ్మా!"

"తీసుకున్నాక మళ్లీ వెనక్కి అడగరు కదా?"

"దేవుడు ఇచ్చింది వెనక్కి అడగడమ్మా."

"మరి బరువెక్కువేమో, మొయ్యడానికి..."

"మన బరువు మోసేది ఆయనే కదా!"

"మా ఆయనా? ఆయనకి నడుం నొప్పండీ."

"నడుం నొప్పి కూడా ఆయనే తీసేస్తాడు. ఆదివారం దాకా ఆగడం ఎందుకు? ఇప్పుడే సిద్ధపడండి!"

సాయంత్రానికి ఇలాంటి ఫోన్లు తొమ్మిది వచ్చాయి. మంగలి చేశాడు, ట్యూషన్ మాస్టారు చేశాడు, ఆటోలవాళ్లు ఒకే ఫోన్లో నలుగురు మాట్లాడారు. "ఊరు ఊరంతా కదిలింది" అని పాస్టరుగారు ఆ రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు. మర్నాడు పొద్దున్నే భార్యతో కలిసి, పక్క ఊరి ఆసుపత్రిలో ఉన్న ఒక రోగిని చూడ్డానికి వెళ్లారు.

సాయంత్రం తిరిగొచ్చి చర్చి తలుపు తీస్తే, ఉన్న పన్నెండు బల్లల్లో ఒక్కటీ లేదు. తళతళలాడే నేల, ప్రసంగ వేదిక, రొట్టె పెట్టే చిన్న బల్ల మాత్రం మిగిలాయి. ఆ చిన్న బల్లను ఎవరో శుభ్రంగా తుడిచి, పైన ఉతికిన గుడ్డ కూడా పరిచారు.

కబురు తెలిసి సంఘపెద్ద రొప్పుతూ వచ్చారు. "మా నాన్నగారి బల్ల!" అని ఒకటే గోల. ఇద్దరూ పరుగున టైలరమ్మ దుకాణానికి వెళితే, ఆ బల్ల మీద ముగ్గురు ఆడవాళ్లు జాకెట్ల కోసం ఎదురుచూస్తూ హాయిగా కూర్చుని ఉన్నారు.

"మీరే కదండీ వెనక్కి అడగం అన్నారు?" అంది టైలరమ్మ బిక్కమొహంతో. "మెట్లమ్మ దగ్గరుండి ఇప్పించింది. మా ఆయన మోశాడు. విచిత్రం, నడుం పట్టనే లేదండీ."

పాస్టరుగారు సంఘపెద్దను రెక్క పట్టుకుని బయటికి తీసుకొచ్చారు.

ఆదివారం అందరూ నేల మీదే కూర్చున్నారు. బల్లలు పట్టుకెళ్లినవాళ్లు కూడా, ఇంత ఇచ్చినవాళ్లకు ఒక దండం పెట్టిపోదామని వచ్చారు. నేల మీద ముందు వరుస ఏదో, వెనక వరుస ఏదో ఎవరికీ అంతుపట్టలేదు. సంఘపెద్ద కాసేపు గోడకు ఆనుకుని నిలబడి, మోకాళ్లు సహకరించక, ఉసూరుమంటూ చతికిలబడ్డారు. రొట్టె విరిచే వేళకు పాస్టరుగారు తలుపు వైపు చూశారు. మెట్లమ్మ గడప మీద నిలబడి ఉంది. ఆయన అన్నీ వదిలేసి వేదిక దిగి వెళ్లారు.

"బల్లలన్నీ నువ్వే ఇచ్చేశావటగా, పెద్దమ్మా?"

"బోర్డు మీద రాశారుగా, అయ్యగారూ."

"అయ్యో, బల్ల తీసుకోవడమంటే అది కాదు..."

"నాకు తెలీదా? పదకొండేళ్లుగా వింటున్నాను. ఆ చిన్న బల్లని కూడా ఆటో అబ్బాయి ఎత్తుకోబోతే, ఇది అసలు బల్ల, ఇది ఇవ్వం అని నేనే ఆపాను."

"మరి మిగతావన్నీ ఎందుకు ఇచ్చావు?"

"అవి ఉన్నన్నాళ్లూ ఇది నా దాకా రాదని."

పాస్టరుగారు తల దించుకున్నారు. "ఆ రోజు నేను చూశాను, పెద్దమ్మా. చూసి కూడా ఊరుకున్నాను."

"తెలుసు. కానీ చదువుతూ చదువుతూ ఒక మాట దగ్గర తడబడ్డారు. అది విన్నాను కాబట్టే ఇల్లు దాకా పోకుండా మెట్ల మీద ఆగిపోయాను."

ఆమె గడప దాటింది. ఖాళీ ఉన్నది సంఘపెద్ద పక్కనే. ఆయన ఆమెను చూశారు, నేలను చూశారు, కొంచెం జరిగారు. పాస్టరుగారు రొట్టెముక్క అందిస్తే ఆమె చెయ్యి చాచి అందుకుంది. పదకొండేళ్లు ఎదురుచూసిన చెయ్యి అది. పాస్టరుగారు కళ్లు తుడుచుకోవడం అందరూ చూశారు, ఆయనా దాచుకోలేదు.

ఆరాధన అయ్యాక సంఘపెద్ద లేవలేకపోయారు. మెట్లమ్మ చెయ్యి ఇచ్చింది. ఆయన పట్టుకుని లేచి, ఆ చేతిని వదలకుండా తిప్పి చూశారు.

"ఏంటమ్మా, చేతులు ఇలా పగిలిపోయాయి?"

"తొడుగులు లేవు కదండీ."

సోమవారం పొద్దున్నే సంఘపెద్ద అర్జీ మీద సంతకం పెట్టి, తనే స్వయంగా ఆఫీసుకు పట్టుకెళ్లారు. అక్కడ ఆయన్ని వరండాలో మూడు గంటలు నిలబెట్టారు. ఇప్పుడు ఆ అర్జీలో చేతి తొడుగుల కింద రెండో కోరిక ఒకటి చేరింది: వచ్చినవాళ్లు ఎవరైనా సరే కూర్చోవడానికి, వరండాలో ఒక బల్ల.