ఐదు కనెక్షన్లు చాలు

ఆస్పత్రిలో చేరేముందు పడకలెన్ని, డాక్టర్లెందరు అని అడగకండి. డేటాబేస్‌కు కనెక్షన్లు ఎన్ని అని అడగండి. ఐదే అంటే నిశ్చింతగా చేరిపోండి. క్రమశిక్షణ ఉన్న చోటికి వచ్చారన్నమాట!

తెలియనివారి కోసం చెబుతాను. రోగుల వివరాలు, పరీక్షల రిపోర్టులు అన్నీ ఒక సాఫ్ట్‌వేర్‌లో ఉంటాయి. ఆస్పత్రి ఐదు కనెక్షన్లకు లైసెన్స్ తీసుకుంటే ఒకేసారి ఐదు కంప్యూటర్లే అందులోకి వెళ్లగలవు. ఆరోది తలుపు తడితే తెర మీద ఒక వాక్యం వస్తుంది: 'పరిమితి నిండినది. దయచేసి తరువాత ప్రయత్నించండి.' ఈమధ్య మిమ్మల్ని ఇంత మర్యాదగా ఎవరైనా పొమ్మన్నారా?

మా మేనత్తకు పిత్తాశయంలో రాళ్లు. ఆపరేషన్ కోసం పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. సర్జన్ తన పాస్‌వర్డ్‌తో వెళ్లి, రక్తపరీక్ష రిపోర్టు తెరిచి, 'చూశాను' అని నొక్కాలి. అది నొక్కందే థియేటర్‌వాళ్లు మంచం కదపరు. మధ్యాహ్నం దాటితే మత్తు డాక్టర్ ఇంకో ఆస్పత్రికి వెళ్లిపోతారు. ఆయన వెళితే ఆపరేషన్ మళ్లీ వారమే.

సర్జన్ కంప్యూటర్ ఆరోది.

పరిమితి లేకపోతే ఆయన తన గదిలోనే కూర్చుని ఉండేవారు. ఇప్పుడు మెట్లు దిగి ల్యాబ్‌కు వచ్చారు. వ్యాయామం కాదా? ల్యాబ్ ఆవిడను బతిమాలారు. వినయం కాదా? ఆవిడ మంచి మనసుతో సాఫ్ట్‌వేర్‌లోంచి బయటికొచ్చి ఆయనకు కుర్చీ ఇచ్చింది. ఆయన పాస్‌వర్డ్ కొట్టేలోపు మందుల కౌంటర్‌లోని రెండో కంప్యూటర్ ఆ ఖాళీలో దూరింది. ఇప్పుడు సర్జనూ బయటే, ల్యాబూ బయటే. సమానత్వం!

నేను మందుల కౌంటర్‌కు పరుగెత్తాను. రెండో కంప్యూటర్ దగ్గర పదిమంది మందుల చీటీలతో నిలబడి ఉన్నారు. వాళ్లను అడగడానికి నోరు రాలేదు. మొదటిదాని ముందు ఒక నర్సు నిలబడి, తెర వైపు చూడకుండా మౌస్ అటూ ఇటూ కదుపుతోంది. కాసేపు కదపకపోతే కనెక్షన్ పోతుందట. ఖాళీగానే ఉంది కదా, ఒక్క నిమిషం వదలమన్నాను.

"కౌంటర్ అన్నయ్య భోంచేసి వచ్చేదాకా చూస్తానని మాటిచ్చాను సార్. నిన్న నాది ఆయనే చూశారు."

ఒకరి మౌస్ ఇంకొకరు కాపాడే ఈ ఆత్మీయత అపరిమిత లైసెన్స్ ఉన్నచోట దొరుకుతుందా?

మూడోది డిశ్చార్జి కౌంటర్. అక్కడ ఇంటికి వెళ్లేవాళ్ల వరుస గుమ్మం దాటింది. నాలుగోది ఎమర్జెన్సీ వార్డులో, అక్కడివాళ్లను కదపడం పాపం. ఐదోది సూపరింటెండెంట్ గదిలో ఉందన్నారు. గదికి తాళం. ఆయన మీటింగ్‌కు వెళ్లారు. అద్దంలోంచి చూస్తే గోడమీద పెద్ద తెర వెలుగుతోంది. పచ్చరంగులో 'కనెక్షన్ల వినియోగం: 5/5' అని ఉంది.

కంప్యూటర్లు చూసే ఆయన్ను పిలిచాను. దాన్ని ఆపమన్నాను.

"అమ్మో, అది పెద్దసారుది. ఎన్ని కనెక్షన్లు వాడుతున్నామో అదే చూపిస్తుంది."

"అది చూపించడానికి ఒకటి వాడుతుందా?"

"వాడకుండా ఎలా చూపిస్తుందండీ?"

ఈలోగా మత్తు డాక్టర్ కారు గేటు దాటింది. మా అత్తకు బిస్కెట్లు ఇచ్చారు. ఆమె నమిలి, నీళ్లు తాగి అంది: "లోపల ఐదుగురికే చోటని ముందే చెబితే తినే వచ్చేదాన్ని కదరా."

సాయంత్రం సూపరింటెండెంట్ దొరికారు. ఇంకో కనెక్షన్ తీసుకోవచ్చు కదా అన్నాను. ఆయన నొచ్చుకోలేదు. అవసరముంటే సిబ్బందో రోగులో ఫిర్యాదు చేసేవారు కదా అన్నారు. సాఫ్ట్‌వేర్‌లో అందుకొక పేజీ ఉందట. పెట్టిన నాటి నుంచి నేటిదాకా ఒక్క ఫిర్యాదూ రాలేదట.

నిజమే మరి. లోపలికి వెళ్లగలిగిన ఐదుగురికీ ఏ ఇబ్బందీ లేదు!

ఫిర్యాదుల కోసం వరండాలో ఒక కంప్యూటర్ పెట్టారు. మీకు తెలుసు కదా, నా వృత్తే రాయడం. వెళ్లి కూర్చున్నాను. మర్యాదగా తరువాత ప్రయత్నించమంది. అందుకే ఇక్కడ రాశాను.